డొమైన్ పాస్‌వర్డ్ మార్చాక సాఫ్ట్‌వేర్ పడిపోతోందా? పాత పాస్‌వర్డ్ ఎక్కడ దాక్కుందో వెతికే పద్ధతి

"నిన్న పాస్‌వర్డ్ మార్చానండీ. అప్పట్నుంచి ఈ సాఫ్ట్‌వేర్ తెరవగానే మూసుకుపోతోంది." హెల్ప్‌డెస్క్‌లో పనిచేసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. దీనికి ఎక్కువమంది చేసే మొదటి పని, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించడం. అరగంట పోతుంది, గొడవ అలాగే ఉంటుంది. మనం తీసి పెట్టింది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న సరుకుని. పాత పాస్‌వర్డ్ మిగిలిపోయింది యూజర్ ప్రొఫైల్‌లోనో, విండోస్ దాచుకున్న వివరాల్లోనో, ఇంకా తెగని పాత సెషన్‌లోనో. అన్‌ఇన్‌స్టాల్ వాటి జోలికే పోదు.

ఇక్కడ చెప్పేది యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో (ఆఫీసు అకౌంట్లన్నిటినీ ఒకేచోట నడిపే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) చేరిన విండోస్ 10, 11 కంప్యూటర్ల గురించి. మెయిల్, వీపీఎన్, ఆఫీసు ఈఆర్‌పీ క్లయింటు, లెక్కల సాఫ్ట్‌వేర్, సర్వర్ ఫోల్డర్‌ని డ్రైవ్‌గా చూపించుకుని నడిచే ప్రోగ్రాములు, ఏదైనా సరే వెతికే దారి ఒకటే. కొన్ని మెట్లు మామూలు యూజర్ చేసుకోగలిగినవి, కొన్నింటికి అడ్మిన్ హక్కులు కావాలి. ఎక్కడ కావాలో అక్కడే చెబుతాను.

ఏమీ ముట్టుకోకముందు అడగాల్సినవి

మొదటి ప్రశ్న: సరిగ్గా ఎప్పుడు పడిపోయింది? నా లెక్కలో దీనికి వచ్చే జవాబుతోనే సగం పని అయిపోతుంది. పాస్‌వర్డ్ మార్చే తెర మీద ఎంటర్ నొక్కగానే ఆగిపోతే దారి ఒకటి. మార్చాక సాఫ్ట్‌వేర్‌ని మొదటిసారి తెరిచినప్పుడు పడిపోతే ఇంకొకటి. మార్చాక గంటో పూటో బాగానే నడిచి తర్వాత కూలితే అది వేరే కథ. ఆఫీసులో బాగుండి ఇంట్లో మాత్రమే పడిపోతే అది మరీ వేరు.

రెండో ప్రశ్న: పాస్‌వర్డ్ మార్చారా, మార్పించారా? కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి పాతదీ కొత్తదీ ఇచ్చి తనే మార్చుకోవడం ఒక పద్ధతి. మర్చిపోయి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే వాళ్లు కొత్తది పెట్టడం ఇంకో పద్ధతి. యూజర్‌కి రెండూ ఒకటే అనిపిస్తాయి. విండోస్ మాత్రం రెండింటినీ పూర్తిగా వేరుగా చూస్తుంది, ఎందుకో కింద వస్తుంది. యూజర్ మాట మీద అనుమానం ఉంటే డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌లో లాగిన్లను సరిచూసే సర్వర్) సెక్యూరిటీ లాగ్ చూడండి. తనే మార్చుకుంటే 4723, అడ్మిన్ రీసెట్ చేస్తే 4724 నంబరు ఈవెంట్ నమోదవుతుంది.

మూడోది ప్రశ్న కాదు, పరీక్ష. అదే కంప్యూటర్‌లో ఇంకొకరిని లాగిన్ అవమనండి, ఈ యూజర్‌ని ఇంకో కంప్యూటర్‌లో లాగిన్ అవమనండి. మొదటి కంప్యూటర్‌లో ఇంకొకరికి బాగా నడిస్తే గొడవ ఈ యూజర్ ప్రొఫైల్‌లో ఉంది. ఈ యూజర్‌కి ఎక్కడికెళ్లినా పడిపోతుంటే అకౌంటులోనో సర్వర్‌లోనో ఉంది. ఆ కంప్యూటర్‌లో ఎవరు కూర్చున్నా పడిపోతుంటే అప్పుడు సాఫ్ట్‌వేర్ మీద, దానికి తగిలించిన యాడ్-ఇన్ల మీద అనుమానపడొచ్చు. ఐదు నిమిషాల పని. దీన్ని ఎగ్గొట్టి ముందుకెళ్తే ఆ తర్వాత చేసేదంతా ఊహే.

గుర్తులు చెరిగిపోకముందే తీసుకోండి

స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ లాగ్‌లోకి వెళ్లండి. పడిపోయిన సమయానికి ఎర్ర గుర్తుతో ఉన్న వరసలు, వాటి ఈవెంట్ నంబర్లు చూడండి. 1000 అంటే ప్రోగ్రామ్ నిజంగా కూలింది. 1002 అంటే కూలలేదు, బిగుసుకుపోయింది. విసుగొచ్చి యూజరో విండోసో మూసేశారు. 1026 అంటే డాట్‌నెట్‌లో (ప్రోగ్రాములు రాసే మైక్రోసాఫ్ట్ వేదిక) రాసిన ప్రోగ్రామ్ లోపలి తప్పుని పట్టుకోలేక చచ్చిపోయింది. ఈ మూడోది దొరికితే అదృష్టమే. ఏ ఫంక్షన్‌లో తప్పు జరిగిందో అందులో వరసగా రాసి ఉంటుంది.

ఈ లాగ్ గజిబిజిగా అనిపిస్తే స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ మానిటర్ కోసం వెతకండి. రోజువారీ గీత మీద ఏ రోజు ఏది కూలిందో కనపడుతుంది. పాస్‌వర్డ్ మార్చిన రోజుకి ముందు కూడా అదే ప్రోగ్రామ్ కూలుతూ వచ్చిందని తేలితే పాస్‌వర్డ్‌ని వదిలేయండి, నేరం దానిది కాదు. ఇలా తేలే కేసులు తక్కువేం కావు.

1000 ఈవెంట్‌లో రెండు విషయాలు రాసుకోండి: ఫాల్టింగ్ మాడ్యూల్ (కూలినప్పుడు నడుస్తున్న కోడ్ ముక్క) పేరు, ఎక్సెప్షన్ కోడ్ (ఏ రకం తప్పో చెప్పే నంబరు). మాడ్యూల్ దగ్గర ఎన్‌టీడీఎల్ఎల్ అనో కెర్నల్‌బేస్ అనో ఉంటే విండోస్‌ని తిట్టకండి. అది పడిపోయిన చోటే తప్ప తోసినవాడి పేరు కాదు. అదే ఇంకో కంపెనీ వాళ్ల డీఎల్ఎల్ (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైలు) పేరు ఉంటే అనుమానితుడు దొరికినట్టే. కోడ్ 0ఎక్స్‌సి0000005 అయితే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంది. సర్వర్ నుంచి రావాల్సిన జవాబు ఖాళీగా వస్తే దాన్ని చూసుకోకుండా వాడేసే ప్రోగ్రాములు ఇలా పోతాయి. 0ఎక్స్‌ఈ0434352 అయితే డాట్‌నెట్ తప్పు. 0ఎక్స్‌సి0000006 కనిపిస్తే మాత్రం ఆగండి. దాని సంగతి విడిగా చెప్పాలి.

మార్చే తెర మీదే ఆగిపోతే

ఎంటర్ నొక్కారు, చక్రం తిరిగింది, తెర నల్లబడింది లేదా లాగిన్ తెర మళ్లీ మొదటికొచ్చింది. ఈ స్థితిలో చాలామంది చేసే పని, వెంటనే ఇంకోసారి మార్చబోవడం. అది చేయకండి. ముందు మొదటి మార్పు జరిగిందో లేదో చూడండి. పనిచేస్తున్న ఇంకో కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "నెట్ యూజర్", ఆపైన యూజర్ పేరు, చివర "స్లాష్ డొమైన్" కొడితే పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు పెట్టారో సమయంతో సహా చూపిస్తుంది. తెర పడిపోయినా సర్వర్‌లో మార్పు జరిగిపోయి ఉండొచ్చు. డొమైన్ మామూలు పాలసీ ప్రకారం ఒకసారి మార్చాక ఒక రోజు గడిస్తేగానీ యూజర్ మళ్లీ మార్చలేడు. ఈలోగా ప్రయత్నిస్తే పొడవు, సంక్లిష్టత, పాత పాస్‌వర్డ్ల నియమాలకు సరిపోలేదన్న సందేశమే వస్తుంది, ఒక రోజు ఆగమని మాత్రం చెప్పదు. పాపం యూజర్ కొత్త కొత్త గుర్తులు కలుపుతూ కూర్చుంటాడు.

మార్పు జరిగి ఉంటే గొడవ ఆ తర్వాతి మెట్టులో ఉంది. డొమైన్ కంట్రోలర్ సరే అన్నాక విండోస్ ఎంపీనోటిఫై అనే చిన్న ప్రోగ్రామ్‌ని లేపుతుంది. కంప్యూటర్‌లో నమోదైన నెట్‌వర్క్ ప్రొవైడర్ డీఎల్ఎల్‌లకు పాస్‌వర్డ్ మారిందని కబురు అందించడం దాని పని. పాత నోవెల్ నెట్‌వర్క్ క్లయింటు ఇలాగే తన పాస్‌వర్డ్‌ని విండోస్‌తో జత చేసుకునేది. ఇప్పుడూ కొన్ని వీపీఎన్, సింగిల్ సైన్-ఆన్, డిస్క్ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్లు ఈ దారినే వాడతాయి. వాటిలో ఒక్కటి జవాబివ్వకుండా మొండికేసినా మార్పు తెర అక్కడే నిలబడిపోతుంది.

అడ్మిన్ హక్కులున్నవాళ్లు చేయాల్సింది: ఈవెంట్ లాగ్‌లో కూలిన ప్రోగ్రామ్ పేరు లాగాన్‌యూఐ (లాగిన్ తెర చూపేది) లేదా ఎంపీనోటిఫై ఉందేమో చూసి, దాని ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు పట్టుకోండి. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు ఉండే చోటు) సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, నెట్‌వర్క్‌ప్రొవైడర్, ఆర్డర్ వరకూ వెళ్తే ప్రొవైడర్ల వరస కనిపిస్తుంది. ల్యాన్‌మ్యాన్‌వర్క్‌స్టేషన్, ఆర్‌డీపీఎన్‌పీ, వెబ్‌క్లయింట్ మైక్రోసాఫ్ట్‌వి, వాటిని కదపకండి. మిగిలిన పేర్లలో ఎప్పుడో తీసేశామనుకున్న సాఫ్ట్‌వేర్ తోక ఉందేమో చూడండి. దాన్ని రిజిస్ట్రీలో చేత్తో చెరిపేయడం కన్నా, ఆ సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చడమో పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేయడమో మేలు. తప్పనిసరై చెరిపితే ఆ కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.

మార్పు జరగనే లేదంటే ఫైర్‌వాల్ చూడండి. కెర్బెరోస్ (డొమైన్‌లో యూజర్‌ని సరిచూసే పద్ధతి) లాగిన్‌కి 88వ పోర్టు చాలు, పాస్‌వర్డ్ మార్చడానికి మాత్రం 464 కావాలి. వీపీఎన్ నియమాలు రాసినవాళ్లు మొదటిది తెరిచి రెండోది మర్చిపోవడం మామూలే. లాగిన్ బాగానే జరుగుతుంది కాబట్టి పాస్‌వర్డ్ గడువు తీరేదాకా ఆ లోపం ఎవరి కంటా పడదు.

మార్చాక మొదటిసారి తెరిస్తే కూలిపోతే

ఇక్కడ అనుమానితులు ఇద్దరు: ఎక్కడో దాచి ఉన్న పాత పాస్‌వర్డ్ ఒకటి, రహస్యాలను తాళం వేసి దాచే విండోస్ ఏర్పాటు డీపీఏపీఐ ఇంకొకటి. సులువైన దానితో మొదలుపెడదాం, దీనికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు.

1. సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా మూయండి. గడియారం పక్కన చిన్న బొమ్మగా ఉంటే అక్కడా మూయండి, టాస్క్ మేనేజర్‌లో మిగిలి లేదని చూసుకోండి.

2. స్టార్ట్ మెనూలో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి విండోస్ క్రెడెన్షియల్స్ లోకి వెళ్లండి. అక్కడున్న వరసని ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి.

3. ఆ సాఫ్ట్‌వేర్ పేరుతోనో, అది మాట్లాడే సర్వర్ పేరుతోనో ఉన్నవి మాత్రమే తీసేయండి. మొత్తం ఊడ్చేయకండి, వాటిలో మీకు గుర్తులేని పాస్‌వర్డ్ ఒకటుంటుంది, అది రేపు ఉదయం కావాల్సి వస్తుంది.

4. కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్ యూజ్" కొట్టి ఏ డ్రైవ్‌లు సర్వర్‌కి తగిలి ఉన్నాయో చూడండి. పాత యూజర్ వివరాలతో తగిలించినవాటిని విడగొట్టి మళ్లీ తగిలించండి. 86 గానీ 1326 గానీ వస్తే పాస్‌వర్డ్ తప్పు పోతోందని అర్థం. 1219 వస్తే ఒకే సర్వర్‌కి రెండు వేర్వేరు పేర్లతో కనెక్షన్ ఉంది, రెండూ విడగొట్టాక ఒక్కటే తగిలించాలి.

5. సైన్ అవుట్ చేసి కొత్త పాస్‌వర్డ్‌తో లోపలికి రండి. లాక్ చేసి తెరవడం కాదు, పూర్తిగా సైన్ అవుట్.

ఇప్పుడు ఇందాక ఆగమన్న 0ఎక్స్‌సి0000006 సంగతి. చిన్న ఆఫీసుల్లో లెక్కల సాఫ్ట్‌వేర్‌ని ప్రతి కంప్యూటర్‌లో ఎక్కించకుండా, సర్వర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి అందరూ అక్కణ్నుంచే నడుపుతారు. విండోస్ ప్రోగ్రామ్ మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి తెచ్చుకోదు. ఏ ముక్క కావాలో ఆ ముక్క అప్పుడు చదువుతుంది. మధ్యలో పాత పాస్‌వర్డ్‌తో ఉన్న కనెక్షన్ తెగిపోయి తర్వాతి ముక్క దొరక్కపోతే ప్రోగ్రామ్ ఉన్నపళంగా చచ్చిపోతుంది. ఈ కోడ్‌కి అర్థం అదే. ఇందులో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల తప్పు లేదు, తిరిగి ఇన్‌స్టాల్ చేస్తే ప్రయోజనమూ లేదు. ప్రోగ్రామ్ ప్రతి కంప్యూటర్‌లో ఉండాలి, సర్వర్‌లో డేటా మాత్రం ఉండాలి. అది కుదరకపోతే పాస్‌వర్డ్ మార్చబోయే ముందు ఆ ప్రోగ్రామ్ మూసి, మార్చి, సైన్ అవుట్ అయి వచ్చి తెరవమని యూజర్లకు చెప్పండి. తెరిచి ఉంచి మార్చితే డేటా ఫైలు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

రెండో అనుమానితుడు డీపీఏపీఐ. బ్రౌజర్లు, మెయిల్ క్లయింట్లు, క్రెడెన్షియల్ మేనేజర్ తమ రహస్యాలను దీని ద్వారానే తాళం వేసి దాచుకుంటాయి. ఆ తాళానికి అసలు చెవి మాస్టర్ కీ. ఆ మాస్టర్ కీ ఏమో యూజర్ పాస్‌వర్డ్‌తోనే తాళం వేసి ఉంటుంది. యూజర్ తనే పాస్‌వర్డ్ మార్చుకుంటే విండోస్ చేతిలో పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి కాబట్టి, పాతదానితో తెరిచి కొత్తదానితో మళ్లీ మూస్తుంది. అడ్మిన్ రీసెట్ చేస్తే పాత పాస్‌వర్డ్ దానికి తెలియదు. అప్పుడు డొమైన్ కంట్రోలర్ దగ్గరున్న బ్యాకప్ కీతో మాస్టర్ కీ తెరిపించుకోవాలి. కంట్రోలర్ అందుబాటులో ఉంటే యూజర్‌కి తెలియకుండానే పని అయిపోతుంది. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉండి వీపీఎన్ తగలకపోతే మాత్రం ఏ రహస్యమూ తెరుచుకోదు. కీ ఈ స్థితిలో చెల్లదన్న అర్థంతో 8009000బి నంబరుతో తప్పు వస్తుంది. మర్యాదగల ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. మిగతావి కూలిపోతాయి. "మార్చారా, మార్పించారా" అని ముందే అడగమన్నది ఇందుకే.

దీనికి మందు తేలికే. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తెచ్చి, లేదా వీపీఎన్ తగిలించి, లాక్ చేసి కొత్త పాస్‌వర్డ్‌తో తెరిచి, తర్వాత సాఫ్ట్‌వేర్ నడపండి. ప్రొఫైల్‌లోని ప్రొటెక్ట్ అనే ఫోల్డర్‌ని చెరిపేయమని ఎక్కడైనా సలహా కనిపిస్తే పాటించకండి. మాస్టర్ కీలు ఉండేది అందులోనే. అవి పోతే యూజర్ దాచుకున్న పాస్‌వర్డ్లు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు తిరిగిరావు.

సాయంత్రం దాకా నడిచి పొద్దున కూలిపోతే

యూజర్ ఇక్కడ "పాస్‌వర్డ్‌కీ దీనికీ సంబంధం లేదండీ, మార్చాక కూడా బాగానే నడిచింది" అంటాడు. నమ్మకండి. కెర్బెరోస్ టికెట్ (సరిచూశాక యూజర్‌కి ఇచ్చే డిజిటల్ చీటీ) మామూలు గడువు 10 గంటలు. పాస్‌వర్డ్ మార్చక ముందు తీసుకున్న టికెట్ ఆ గడువు దాకా చెల్లుతూనే ఉంటుంది. ఎన్‌టీఎల్ఎం అనే పాత లాగిన్ పద్ధతి వాడే పాత ప్రోగ్రాములకైతే, మార్చిన తర్వాత 60 నిమిషాల పాటు పాత పాస్‌వర్డ్‌ని కూడా నెట్‌వర్క్ లాగిన్‌కి ఒప్పుకునే వెసులుబాటు డొమైన్ కంట్రోలర్‌లో ఉంది. ఆ గడువు తీరగానే పాత వివరాలు పట్టుకున్న ప్రోగ్రామ్ బయటపడుతుంది. గంట తర్వాత కూలిందంటే ఎన్‌టీఎల్ఎం, మర్నాడు పొద్దున కూలిందంటే టికెట్ అని ముందు అనుకుని వెతకడం మొదలుపెట్టొచ్చు. టికెట్ అనుమానం తీర్చుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో "కేలిస్ట్ పర్జ్" కొట్టి ఉన్న టికెట్లు చెరిపేసి, సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరవండి. గడువు దాకా ఆగక్కర్లేదు, కూలేదైతే అప్పుడే కూలుతుంది.

కొన్ని ప్రోగ్రాములు లాగిన్ కుదరకపోతే ఆగవు, సెకనుకోసారి ప్రయత్నిస్తూనే ఉంటాయి. అకౌంట్ లాక్ అవుతుంది, ప్రోగ్రామ్ మెమరీ పెరుగుతూ పోయి చివరికి కూలుతుంది. యూజర్‌కి కనిపించేది కూలడమే, మొదలైంది లాకౌట్‌తో. అడ్మిన్ పీడీసీ ఎమ్యులేటర్ పాత్రలో ఉన్న (పాస్‌వర్డ్ మార్పులు, లాకౌట్ల కబురు చేరే) కంట్రోలర్‌లో 4740 ఈవెంట్ చూస్తే, ఏ కంప్యూటర్ నుంచి తప్పు పాస్‌వర్డ్ వచ్చి లాక్ అయిందో పేరుంటుంది. 4771లో తప్పు కోడ్ 0ఎక్స్18 ఉంటే పాస్‌వర్డ్ తప్పు అని, పక్కనే ఐపీ చిరునామా కూడా.

ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. పాస్‌వర్డ్ చరిత్రలోని చివరి రెండింటిలో ఒకదాన్ని ఎవరైనా పంపితే డొమైన్ కంట్రోలర్ దాన్ని తప్పుల లెక్కలో వేయదు. యూజర్ అలవాటుగా పాతది కొట్టి లాక్ అయిపోకూడదని పెట్టిన ఏర్పాటు. కాబట్టి అకౌంట్ పదే పదే లాక్ అవుతుంటే నిన్నటి పాస్‌వర్డ్ కన్నా ఇంకా పాతది ఎక్కడ ఉండొచ్చో ఆలోచించండి. మూసేయకుండా వదిలేసిన రిమోట్ డెస్క్‌టాప్ సెషన్, ఎవరో ఎప్పుడో తన పేరుతో పెట్టిన షెడ్యూల్డ్ టాస్క్, యూజర్ అకౌంట్‌తో నడుస్తున్న విండోస్ సర్వీస్, డ్రాయర్‌లో ఛార్జింగ్‌కి పెట్టి మర్చిపోయిన పాత ఫోన్‌లోని ఆఫీసు మెయిల్. సర్వీసులకు మనుషుల అకౌంట్లు వాడటం మానేయాలి. విండోస్ సర్వర్ 2012 నుంచి గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లు ఉన్నాయి. వాటి పాస్‌వర్డ్ డొమైన్ తనే మార్చుకుంటుంది, ఎవరికీ తెలియనవసరం లేదు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు

హైదరాబాద్ ఆఫీసు ల్యాప్‌టాప్ భీమవరంలోనో ఖమ్మంలోనో ఇంట్లో ఉంది. పాస్‌వర్డ్ గడువు తీరుతోందని మెయిల్ వచ్చింది, యూజర్ బ్రౌజర్‌లో కంపెనీ పోర్టల్‌కి వెళ్లి మార్చేశాడు. సర్వర్‌లో కొత్తది, ల్యాప్‌టాప్‌లో పాతది. కంట్రోలర్ అందనప్పుడు విండోస్ తన దగ్గర దాచుకున్న పాత వివరాలతోనే లోపలికి రానిస్తుంది. అంటే యూజర్ పాత పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చి, కొత్త పాస్‌వర్డ్ అడిగే సర్వర్లతో మాట్లాడుతున్నాడు. ఈ రెండు నాలుకల స్థితిలో సాఫ్ట్‌వేర్లు తికమకపడక ఏం చేస్తాయి?

వరస ఇది: పాత పాస్‌వర్డ్‌తో ల్యాప్‌టాప్ తెరవండి. వీపీఎన్‌కి కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి తగిలించండి. అందులో పాతది దాచి ఉంటే ముందు తీసేయండి. వీపీఎన్ తెగకుండానే విండోస్ గుర్తు, ఎల్ నొక్కి లాక్ చేయండి. కొత్త పాస్‌వర్డ్‌తో తెరవండి. అప్పుడు దాచుకున్న వివరాలు కొత్తవవుతాయి. వేలిముద్రతోనో పిన్‌తోనో తెరిస్తే ఈ పని జరగదు, పాస్‌వర్డే టైప్ చేయాలి. అసలు ఈ గొడవే లేకుండా, వీపీఎన్ తగిలించి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ దారిలో మార్చుకోవడం ఉత్తమం. ఇంకో చిన్న సంగతి, ల్యాప్‌టాప్ గడియారం కంట్రోలర్‌తో 5 నిమిషాలకు మించి తేడాగా ఉంటే కెర్బెరోస్ ఒప్పుకోదు.

ఇంకా కూలుతుంటే

ప్రొఫైల్‌లో యాప్‌డేటా కింద రోమింగ్, లోకల్ రెండు చోట్లా ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ ఉంటుంది. చెరిపేయకుండా పేరు మార్చి చూడండి. నడిస్తే సంతోషం, నడవకపోతే పాత పేరు పెట్టేయండి.

అదీ కాకపోతే డంప్ (ప్రోగ్రామ్ మెమరీ నకలు) తీయాల్సిందే. బిగుసుకుపోతున్న ప్రోగ్రామ్ అయితే టాస్క్ మేనేజర్‌లో దాని మీద కుడి క్లిక్ చేసి డంప్ ఫైల్ సృష్టించే ఆప్షన్ నొక్కండి. కూలిపోతున్నదైతే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ప్రాక్‌డంప్‌ని కాపలా పెట్టి, పడిపోయేలా నడిపి పట్టుకోండి. పడిపోయిన క్షణంలో మెమరీలో ఉన్నదంతా డంప్‌లోకి వస్తుంది. పాస్‌వర్డ్ కూడా ఉండొచ్చు. కాబట్టి దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఎవరైనా చూడండి బ్రో" అనకండి. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఇచ్చిన సురక్షితమైన లింకులోనే ఎక్కించండి, ఆ తర్వాత యూజర్ చేత పాస్‌వర్డ్ ఇంకోసారి మార్పించండి.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపే ఫిర్యాదు టికెట్‌లో "పాస్‌వర్డ్ మార్చాక పనిచేయట్లేదు" అని రాస్తే వాళ్లు చెప్పేది రీఇన్‌స్టాల్ చేయమనే. పాస్‌వర్డ్ మారిన సమయం, మొదటిసారి కూలిన సమయం, మార్చారా రీసెట్ చేశారా, ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు, వెర్షన్, ఎక్సెప్షన్ కోడ్, ఇంకో యూజర్‌కి, ఇంకో కంప్యూటర్‌లో ఏమైందో, "కేలిస్ట్ పర్జ్" కొట్టాక తేడా వచ్చిందో లేదో రాయండి. డంప్ సిద్ధంగా ఉందని చివర్లో ఒక వాక్యం చేర్చండి. మొదటి వరస సపోర్ట్‌ని దాటి ఆ టికెట్ ప్రోగ్రామ్ రాసినవాళ్ల దాకా వెళ్లడానికి ఆ వాక్యం బాగా పనికొస్తుంది.